ఆరు గవ్వలు

షిప్‌యార్డ్ తుక్కులోంచి
ప్యాకింగ్ పెట్టె మూత ఒకటి మోసుకొచ్చాను.
'ఇటు పైకి' అని దాని మీదో బాణం,
చెరపలేదు. అదే మొదటి గడి.
చెక్క ఒక పక్కకి కాస్త వాలింది,
చిత్రిక పడితే పోయేది.
పట్టలేదు.

"ఏటి చేస్తన్నావు బావా?" పోలారావు.
ఆట, అన్నాను.
"తాగడానికి ఆటెందుకు, గ్లాసు చాలదేటి?"

ఏడేడుల నలభై తొమ్మిది గడులు.
మా పాప స్కేలుతో గీతలు,
ఓడ అడుగున నాచు పట్టకుండా పూసే ఎర్రరంగు
డబ్బా అడుగున మిగిలింది గోకి పూశాను.
యారాడ ఒడ్డున ఏరిన ఆరు గవ్వలే పాచికలు.
వెల్లకిలా ఎన్ని పడితే అన్నడుగులు,
ఆరూ బోర్లాపడితే గ్లాసు ఖాళీ.
పావులు సీసా మూతలు,
ఎవరి వంకర వాళ్లకే గుర్తు.

ఐదో గడి కాన్వెంట్ జంక్షన్:
లారీ అడ్డం తిరిగింది, ఒక వంతు ఆగి
పక్కోడు తాగుతుంటే చూడు.
పదిహేడు, మూరీ మిక్చర్ బండి:
నిమ్మకాయ పిండి అందరికీ పొట్లాలు కట్టు.
నిచ్చెనకి సింహాచలం మెట్లు పెడదామని
సన్యాసిరావే అన్నాడు,
నాలిక కరుచుకుని చెంపలేసుకుని
వాడే వద్దన్నాడు.
కైలాసగిరి రోప్‌వే వేశాం.
ముప్పయ్యో గడి సైరన్:
'రేపు పొద్దున్నే డ్యూటీ' అన్నవాడికి రెండు గుక్కలు.

నలభై ఒకటికి పేరు రాయలేదు.
ఉత్త సుడి గీశాను, అందరికీ తెలుసు.
అక్కడ పడ్డవాడు బల్ల మీది పావులన్నిటినీ
నోటితో ఊదెయ్యాలి.
ఎవరిది ఎక్కడ పడితే అక్కణ్ణుంచే మళ్లీ మొదలు.
ఆ అక్టోబరులో మేం మొదలెట్టింది అలాగే.

మొదటి ఆట కనకరాజు మేడ మీద.
బల్బక్కర్లేదు, రిఫైనరీ మంట ఉంది కదా.
ఆట పాడైంది.
నిబంధనలు ఎక్కువ, అక్షరాలు చిన్నవి,
మూడో చుట్టుకే గడి చదవగలిగినవాడు లేడు.
సన్యాసిరావు నిద్రపోయి గెలిచాడు.

మర్నాడు తొమ్మిది నిబంధనలు కొట్టేశాను.
అక్షరాలు ఓడ పేరంత లావు చేశాను.
ప్రతి ఏడో గడిలో మంచినీళ్లు పెట్టాను.
"ఇదేం పత్యం బావా" అని పోలారావు తిట్టాడు,
తాగాడు కూడా, రెండు గ్లాసులు.

పదకొండో గడి చెప్పలేదు కదూ.
డాల్ఫిన్ నోస్ లైట్‌హౌస్.
నడిమధ్య ఖాళీ సీసా పడుకోబెట్టి తిప్పాలి,
మూతి ఎవరివైపు ఆగితే
వాడో నిజం చెప్పాలి.
ఇద్దరు అబద్ధమంటే
వాడి గ్లాసు వాళ్లు నింపుతారు.

ఆ శనివారం కనకరాజు తిప్పాడు.
సీసా తిరిగి, తిరిగి,
వాలు వైపే ఆగింది.
వాలు వైపు కూర్చున్నది నేను.

గ్లాసు ఎత్తి చూపించాను.
గోలీసోడా, అన్నాను. నాలుగు నెలల్నుంచీ.
కేజీహెచ్‌లో డాక్టరమ్మ
స్కానింగు ఫిల్ము మీద వేలుపెట్టి
ఒక చోట చూపించింది, అన్నాను.
మంచులో ఓడలాగ
మసగ్గా ఉంది, అన్నాను.
ఇక చెప్పడానికి లేదు.

కింద రోడ్డు మీద ఏదో బస్సు
గేరు మార్చుకుంటూ పోయింది.

"అబద్ధం" అన్నాడు సన్యాసిరావు.
చెయ్యెత్తాడు కూడా.
పోలారావు వంక చూశాడు, కనకరాజు వంక చూశాడు.
"అబద్ధమనండ్రా ఎవడైనా."

ఎవడూ అనలేదు.
ఒక్కడి మాట చెల్లదు, నేను రాసిన నిబంధనే.

చెయ్యి దించకుండా ఉండిపోయాడు వాడు,
బస్సు ఆపుతున్నట్టు.
పోలారావు గవ్వలు గుప్పిట్లో పోసి
చాలాసేపు ఆడించి ఆడించి
వెయ్యకుండానే అడిగాడు:
"గోలీసోడా ఇంకోటుందేటి, బావా?"